మా పాపకి విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) సీటు: తిరిగిన తిరుగుడు, కట్టిన డబ్బు

మున్సిపల్ బడి మా ఇంటికి ఎంత దగ్గరంటే, పొద్దున పిల్లలు ప్రార్థన పాడుతుంటే నా కుట్టుమిషన్ దగ్గరికి వినపడేది. బాబు ఒకటి, రెండు తరగతులు అక్కడే చదివాడు. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, మళ్లీ పరిగెత్తేవాడు. 2022 జూన్‌లో వాడు మూడో తరగతికి వచ్చాడు. బడి ఉంది, టీచరు ఉన్నారు. మూడో తరగతి మాత్రం లేదు.

ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 నంబరు జీవో ఇచ్చింది. దగ్గర్లో, అంటే కిలోమీటరు లోపల, హైస్కూలు ఉంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతుల్ని తీసుకెళ్లి అందులో కలిపారు. చిన్న పిల్లలకి కూడా సబ్జెక్టుకో టీచరు ఉంటారని చెప్పారు. ఉన్నారు కూడా. మా బాబుకి అక్కడ లెక్కలు చెప్పిన సార్ లాంటి టీచరు నాకు నా చదువు మొత్తంలో ఒక్కరు దొరకలేదు. కానీ ఆ కిలోమీటరు మధ్యలో మెయిన్ రోడ్డు ఉంది. లారీలు, గ్రానైట్ బండ్లు తిరిగే రోడ్డు. వాడికి అప్పటికి ఎనిమిదేళ్లు. రెండు నెలలపాటు రోజూ పొద్దున మిషన్ ఆపేసి, పాపని చంకనేసుకుని, వాణ్ణి రోడ్డు దాటించి వచ్చాను. సాయంత్రం మళ్లీ అదే పని. ఒకరోజు పని ఎక్కువుండి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తే, వాడు అప్పటికే ఒక్కడే దాటేసి ఇవతల గట్టున నిలబడి ఉన్నాడు. "నేనే దాటేశానమ్మా" అన్నాడు గొప్పగా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది బాపట్ల జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. మావారు ట్రాలీ ఆటో నడుపుతారు. నేను ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, సర్కారు బడి పరిస్థితి నాకు ముందుగా నా మిషన్ మీదే తెలుస్తుంది. ప్రతి ఏడూ బడిలో బట్టలు, పుస్తకాల కిట్లు ఇచ్చాక మూడు జతల యూనిఫాం గుడ్డ సంచిలో పెట్టుకుని మా వీధి తల్లులు నా దగ్గరికే వస్తారు. ఎనిమిదో తరగతి వరకు జతకి 40 రూపాయలు చొప్పున ప్రభుత్వం కుట్టుకూలి ఇస్తుంది. ఆ డబ్బుకి దారం, గుండీలు, కాజాలు పోను ఏమీ మిగలదు కాబట్టి పైన కొంత వాళ్లు వేసుకుంటారు. కరోనా తర్వాత 2021లో ప్రైవేటు ఫీజులు కట్టలేక చాలామంది సర్కారు బడికి వచ్చారు. ఆ ఏడాది మా ఒక్క వీధిలోనే ముప్పై మందికి పైగా పిల్లలకి కుట్టాను. తరగతులు ఎత్తేసిన 2022లో ఇరవై మంది కూడా లేరు. మిగతావాళ్లు మళ్లీ ప్రైవేటుకి పోయారు. వాళ్లెవరూ సర్కారు బడి చదువు బాగాలేదని పోలేదు. బడి ఇంటికి దూరమైందని పోయారు. ఇది మాత్రం నేను ఖచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే కొలతలు తీసుకునేటప్పుడు వాళ్లు నాతో మాట్లాడే మాటలు అవే.

మా బడిలో మిగిలినవి ఒకటి, రెండు తరగతులు. ఒక్కరే టీచరు. ఆవిడకి ట్రైనింగ్ పడినా, సెలవు పెట్టినా, మరో బడి నుంచి ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. పాప అప్పటికి అంగన్వాడీకి వెళ్తోంది. 2023 జూన్‌కి ఒకటో తరగతి. రెండేళ్లయితే అదీ ఆ రోడ్డు దాటాలి. ప్రైవేటు స్కూల్లో అడిగితే ఒకటో తరగతికి ఫీజు 20 వేలు, పుస్తకాలు వేరే అన్నారు. ఆ మాట విని ఇంటికొచ్చేశాం.

2023 మార్చిలో సచివాలయానికి వేరే పని మీద వెళ్తే గోడకి ఒక కాగితం అంటించి ఉంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం ఉచితం, దరఖాస్తు చేసుకోండి అని. మొదట నేను నమ్మలేదు. మా వాలంటీరు అమ్మాయిని అడిగితే నిజమే అంది. తర్వాత తెలుసుకున్నాను. ఈ చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు స్కూళ్లు కోర్టుకి వెళ్తే 2012లో సుప్రీంకోర్టు కూడా ఈ 25 శాతం సరైనదే అంది. మన రాష్ట్రంలో మాత్రం 2022-23 విద్యా సంవత్సరం నుంచే మొదలైంది. అంటే మా బాబు ఒకటో తరగతిలో చేరేనాటికే ఆ హక్కుకి పదేళ్లు. మాకు ఒక్కరూ చెప్పలేదు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ బాధే.

సీట్లు ఎలా పంచుతారో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది 25 శాతం అంటే బోలెడన్ని అనుకుంటారు. ఎస్సీలకి 10 శాతం, ఎస్టీలకి 4, అనాథలు, వికలాంగులు, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకి 5, మిగిలిన 6 శాతం బీసీలు, మైనారిటీలు, ఓసీల్లో పేదవాళ్లకి. మేము బీసీలం. ఒకటో తరగతిలో 40 సీట్లున్న స్కూలైతే మా వాటాకి వచ్చేవి రెండు, మూడు. అందుకని ఒక్క స్కూలు మీదే ఆశ పెట్టుకోకూడదు. ఇంటికి కిలోమీటరు లోపల ఉన్నవాళ్లకి ముందు ఇస్తారు, మిగిలితే మూడు కిలోమీటర్ల లోపల వాళ్లకి.

ఇక మా కాగితాల గొడవ. నా ఆధార్‌లో ఇంకా పుట్టింటి అడ్రసే ఉంది. పాప ఆధార్ నా దాన్ని బట్టే తీయించాం కాబట్టి దానిలోనూ అదే ఊరు. ఆ అడ్రసు పెడితే స్కూలుకి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు వస్తుంది. ఇల్లుగలాయన్ని అద్దె కాగితం రాసివ్వమంటే "ఎందుకమ్మా లేనిపోని తంటా" అని తప్పించుకున్నారు. రెండు రోజులు టెన్షన్ పడ్డాక మావారి ఓటరు కార్డు గుర్తొచ్చింది. అది మాత్రం ఈ వార్డు అడ్రసుతోనే ఉంది. అడ్రసుకి ఓటరు కార్డు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు లాంటివాటిలో ఏదో ఒకటి చాలని వాలంటీరు అమ్మాయి చెప్పేదాకా ఆధార్ ఒక్కటే పనికొస్తుందనుకున్నాను. పాప పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటే ఆధార్‌లో వెనకుంది. దాన్ని వాళ్లు పట్టించుకోలేదు గానీ, పుట్టిన తేదీ ఒక్క రోజు తేడా వచ్చినా దరఖాస్తు ముందుకి వెళ్లదన్నారు. వయసు లెక్క రోజుల్లో చూస్తారు.

దరఖాస్తు నింపింది నెట్ సెంటర్‌లో. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దరఖాస్తులో మీ ఫోన్ నంబరే వేయించండి. ఓటీపీ గొడవెందుకని నెట్ సెంటర్ అబ్బాయి తన నంబరు వేసేస్తాడు. మా పక్క సందులో ఒకామెకి అలాగే జరిగింది. సీటు వచ్చిందన్న మెసేజ్ ఆ అబ్బాయి ఫోన్‌కి వెళ్లింది. అతను చూసుకోలేదు. గడువు అయిపోయాక తెలిసి ఆమె నా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఏం చెప్పి ఓదార్చాలో నాకు తెలియలేదు.

స్కూళ్లు ఎంచుకునే ముందు రెండు సాయంత్రాలు మావారితో ఆటోలో తిరిగి చూశాను. బోర్డు మీద రాసింది కాదు నేను చూసింది. ఒక స్కూలు అపార్ట్‌మెంటులో ఉంది, పిల్లలు ఆడుకోవడానికి నేలనేదే లేదు. ఇంకోటి బాగుంది గానీ మళ్లీ ఆ మెయిన్ రోడ్డుకి అవతలే. చివరికి రోడ్డు దాటకుండా నడిచి వెళ్లగలిగే స్కూలుని ముందు పెట్టి, మిగతావి తర్వాత పెట్టాం. మావారు "ఇంగ్లీషు ఎక్కడ బాగా చెబుతారో కనుక్కోవా?" అన్నారు. పిల్ల క్షేమంగా ఇంటికొస్తే ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

ఏప్రిల్‌లో లాటరీ తీశారు. మెసేజ్ వచ్చినప్పుడు నేను ఒక పెళ్లి బ్లౌజుకి మగ్గం వర్కు చేసిన గుడ్డ కత్తిరిస్తున్నాను. చేతులు వణికి కత్తెర పక్కన పెట్టేశాను. ముందు పెట్టిన స్కూలే వచ్చింది.

అయిపోయింది అనుకున్నాం. అసలు పని అప్పుడే మొదలైంది.

మొదటిసారి వెళ్తే గేటు దగ్గరే కూర్చోబెట్టారు. గంటన్నర తర్వాత ఆఫీసులో ఒకాయన మెసేజ్ చూసి, "ఇది మాకింకా లాగిన్‌లో రాలేదమ్మా, వారం తర్వాత రండి" అన్నారు. వారం తర్వాత వెళ్తే, "యాజమాన్యాలు కోర్టుకి వెళ్లాయి, తేలేదాకా చేర్చుకోలేం" అన్నారు. మూడోసారి లోపలికి పిలిచి, పాప చేతిలో కాగితం, పెన్సిలు పెట్టి ఏ నుంచి జెడ్ దాకా రాయమన్నారు. అంగన్వాడీ పిల్ల కదా, తనకి వచ్చిన అ, ఆ, ఇ, ఈ లు వరసగా రాసి, పక్కన ఒక చేప బొమ్మ వేసి ఆ మేడమ్‌కి ఇచ్చింది. ఆవిడ చూసి, "మా పిల్లలతో సమానంగా లాగలేదమ్మా, తనకే ఇబ్బంది" అన్నారు. పాప మాత్రం ఆవిడ మెచ్చుకుంటుందని ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆ కాగితం నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ మిషన్ సొరుగులో ఉంది.

నాకు మాటకి మాట చెప్పడం రాదు. కానీ ఆ రోజు కోపం కాదు, ఇంకేదో వచ్చింది. మరునాడు మండల విద్యాశాఖాధికారి ఆఫీసుకి వెళ్లాను. అక్కడ గుమాస్తా ఒకాయన అంతా విని, చాలా మెల్లగా, "సీటు ఇవ్వం అని వాళ్లెప్పుడూ కాగితం మీద రాయరమ్మా. నోటితోనే చెప్పి తిప్పుతారు. రాసివ్వమని అడుగు" అన్నారు. అలాగే చేరే ముందు పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్ష పెట్టడం ఆ చట్టంలోనే నిషేధమని, క్యాపిటేషన్ ఫీజు, అంటే చేర్చుకున్నందుకు అదనంగా డబ్బు, అడగకూడదని, ఈ పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టకూడదని కూడా చెప్పారు. అదంతా ఒక కాగితం మీద రాసుకున్నాను.

నాలుగోసారి వెళ్లి నిలబడే అడిగాను. "సార్, ఇవ్వలేమంటే ఇవ్వలేమని ఒక్క ముక్క రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసివ్వండి. సోమవారం కలెక్టరు గారి స్పందన కార్యక్రమంలో అర్జీగా ఇచ్చుకుంటాను." ఆయన నా వంక చూశారు, పక్క గదిలోకి వెళ్లారు, వచ్చారు. "ఎవరు చెప్పారమ్మా నీకు ఇవన్నీ?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. రెండు రోజులకి ఎంఈవో గారి ఆఫీసు నుంచి కూడా ఫోన్ వెళ్లిందట. ఆ వారంలోనే లాగిన్‌లో పాప అడ్మిషన్ కన్‌ఫర్మ్ చేసి ప్రింటు ఇచ్చారు. ఆ ప్రింటు మూడు జిరాక్సులు తీయించాను.

ఇప్పుడు డబ్బు సంగతి. "ఉచిత సీటు" అన్న మాటకి అర్థం నాకు జూలైలో తెలిసింది. ఈ సీట్లకి ప్రభుత్వం ఫీజు నిర్ణయించింది. అప్పట్లో పట్టణాల్లో ఏడాదికి 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలు. స్కూలు అడిగే 20 వేలతో చూస్తే చాలా తక్కువే. అయితే ఆ 8,000 ప్రభుత్వం నేరుగా స్కూలుకి కట్టేది కాదు. పిల్లల్ని బడికి పంపే తల్లి ఖాతాలో పడే అమ్మ ఒడి డబ్బులోంచి మేమే కట్టాల్సి వచ్చేది. అమ్మ ఒడి ఒక తల్లికి ఒక బిడ్డకే ఇచ్చేవారు. 2023 జూన్ చివర్లో నాకు పడిన 13,000 మా బాబు ఏడాదంతా బడికి వెళ్లిన హాజరు మీద వచ్చినవి. అందులోంచి 8,000 తీసి పాప స్కూల్లో కట్టాను. మిగిలిన ఐదు వేలకి ఇంకొంత కలిపితే పాప పుస్తకాలు, టై, బెల్టు, బూట్లు, డైరీ వచ్చాయి. యూనిఫాం గుడ్డ వాళ్ల కౌంటర్లోనే కొనాలన్నారు. కుట్టడం నేనే కుట్టుకున్నాను. బాబుకి సైకిల్ కొనిస్తానని ఆ ఏడాది మాట ఇచ్చాను. కొనలేకపోయాను.

అదే బాబుకి సర్కారు కిట్టులో మూడు జతల గుడ్డ, బ్యాగు, బూట్లు, సాక్సులు, బెల్టు, పుస్తకాలు, నోటు పుస్తకాలు అన్నీ పైసా ఖర్చు లేకుండా వచ్చాయి. మధ్యాహ్నం అన్నం బడిలోనే. వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, ఆ సంవత్సరమే రాగిజావ కూడా మొదలుపెట్టారు. పాపకి నేను పొద్దున్నే లేచి బాక్సు కట్టాలి. ఇంట్లో గుడ్డు ఉడకబెట్టే రోజు పాపకే పెట్టేదాన్ని, బాబు బడిలో తింటాడు కదా అని. సర్కారు బడి వదిలి వెళ్లేవాళ్లు ఫీజు ఒక్కటే లెక్కేసుకుంటారు. ఈ గుడ్డు, ఈ బూట్లు, ఈ పుస్తకాలు కూడా లెక్క వేసుకోవాలి. మాకు ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

ఇక చదువు. పాప పుస్తకాలు మొత్తం ఇంగ్లీషు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. హోంవర్కు చేయించాలంటే మొదటి నెలలో ఇద్దరం ఏడుపు మొహాలతో కూర్చునేవాళ్లం. ఒక రాత్రి "వెర్టిబ్రేట్"లాంటి మాట ఏదో కాదు, చాలా చిన్న మాటే, "టేక్ అవే" అని ఉంది లెక్కల పుస్తకంలో. ఏం తీసుకెళ్లాలి, ఎక్కడికి అని పాప అడుగుతోంది. నాకూ అర్థం కాలేదు. బాబు లేచి అటక మీద మూట దించి, వాడి ఒకటో తరగతి లెక్కల పుస్తకం తెచ్చాడు. 2020లో సర్కారు పుస్తకాలు రెండు భాషల్లో వేయడం మొదలుపెట్టారు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. బొమ్మలూ అవే, అంకెలూ అవే. వాడు ఇంగ్లీషు పేజీలో "టేక్ అవే" వెతికి వేలు పెట్టి, రెండో వేలు తెలుగు పేజీ మీద అదే చోట పెట్టాడు. "తీసివేయండి." పాప "ఓ, తీసివేతా!" అని నవ్వింది.

ఆ రోజు నుంచి ఆ పుస్తకాలే మా ఇంట్లో ట్యూషన్ మాస్టారు. పరిసరాల పుస్తకం, లెక్కల పుస్తకం, కిట్టులో ఇచ్చిన బొమ్మల డిక్షనరీ. పాప స్కూల్లో నేర్పిన ఇంగ్లీషు మాటకి అర్థం వాళ్ల అన్నయ్య సర్కారు పుస్తకంలో దొరికేది. అట్టలు ఊడిపోతే మిషన్ మీద గుడ్డ వేసి కుట్టాను. ఆ పుస్తకాలు రాసినవాళ్లు, ఎదురెదురు పేజీల్లో వేయాలని ఆలోచించినవాళ్లు ఎవరో గానీ, తెలుగు మీడియం తల్లులకి ఎంత మేలు చేశారో వాళ్లకి తెలియాలి.

2024 కష్టంగా గడిచింది. ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. ఆ జూన్‌లో అమ్మ ఒడి పడలేదు. కొత్త పథకం ఇంకా మొదలవలేదు. పాప రెండో తరగతి. ప్రభుత్వం డబ్బు వేస్తుంది, అప్పుడు కడతాం అని స్కూల్లో చెప్పాను. దసరా దాకా ఊరుకున్నారు. తర్వాత ఒకరోజు పాప ఇంటికొచ్చి బ్యాగు దించకుండానే, "అమ్మా, ఆర్టీఈ అంటే ఏంటి?" అంది. పరీక్షకి ముందు ఫీజు బాకీ ఉన్నవాళ్లని బయట నిలబెట్టారట. మిగతా పిల్లల్ని పేర్లతో పిలిచి, ఆర్టీఈ సీట్లలో చేరిన నలుగుర్నీ మాత్రం "ఆర్టీఈ వాళ్లు" అన్నారట. అరగంట తర్వాత లోపలికి పంపారట. "నా పేరు మర్చిపోయారేమో" అంది పాప.

ఆ సాయంత్రమే వెళ్లాను. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడలేదు. బాకీ ఉంటే నాకు చెప్పండి, ప్రభుత్వానికి రాయండి, పిల్లని నిలబెట్టే హక్కు మీకు లేదు, పిల్లకి పేరుంది, ఆ పేరుతోనే పిలవండి అన్నాను. వాళ్ల ఇబ్బంది కూడా నాకు తెలుసు. కింద నుంచి పై దాకా ఎవరి జీతం వాళ్లకి ఇవ్వాలి, అప్పుడు ప్రభుత్వం నుంచి నేరుగా రూపాయి వచ్చేది కాదు. కానీ ఆ భారం ఏడేళ్ల పిల్ల మీద వేయకూడదు. ప్రభుత్వం ఈ ఫీజుని వేరే పథకంతో ముడిపెట్టకుండా నేరుగా స్కూలుకి, సమయానికి కట్టి ఉంటే ఆ అరగంట ఉండేది కాదు. ఆ 8,000 నాలుగు విడతల్లో కట్టాను. పండగ బ్లౌజుల డబ్బు మొత్తం దానికే పోయింది. మళ్లీ ఎప్పుడూ పాపని నిలబెట్టలేదు.

2025 జూన్‌లో అమ్మ ఒడి స్థానంలో తల్లికి వందనం పథకం మొదలైంది. ఒక తల్లికి ఒక బిడ్డ అనే షరతు తీసేసి, చదువుకునే పిల్లలందరికీ అన్నారు. 13,000 చొప్పున. ఆ మాటతో మా ఇంట్లో ఎంత ఊపిరి పీల్చుకున్నామో చెప్పలేను. పాప వాటా ఫీజుకి సరిపెట్టుకున్నాం. బాబుకి సైకిల్ వచ్చింది, రెండేళ్లు ఆలస్యంగా.

అదే ఏడాది ఇంకో మార్పు వచ్చింది. 117 జీవో రద్దు చేశారు. మోడల్ ప్రైమరీ స్కూళ్లు అని పెట్టి, తరగతికో టీచరు అన్నారు. మా ఇంటి పక్క బడికి 3, 4, 5 తరగతులు తిరిగొచ్చాయి. మూడేళ్ల తర్వాత ఆ మూడు గదుల తలుపులు తీసి కడుగుతుంటే వీధి వీధంతా వెళ్లి చూశాం. యూనిఫాం గుడ్డ సంచులు మళ్లీ నా గుమ్మం ముందు వరస కట్టాయి. ప్రైవేటు నుంచి తీసుకొచ్చి చేర్చినవాళ్లు మా సందులోనే ముగ్గురున్నారు.

మేమూ ఆలోచించాం. పాప మూడో తరగతి. ఎందుకోసం బయటికి తీసుకెళ్లామో ఆ కారణం ఇప్పుడు లేదు. ఇంటి పక్కనే బడి, గుడ్డు, కిట్టు, తరగతికో టీచరు. మూడు రాత్రులు మావారూ నేనూ ఇదే మాట్లాడుకున్నాం. ఒక్క విషయం మమ్మల్ని ఆపింది. ఆర్టీఈ సీటు ఎనిమిదో తరగతి దాకా ఉంటుంది, కానీ చేరేది ఒకటో తరగతిలోనే. ఒకసారి వదులుకుంటే మళ్లీ రాదు. సర్కారు బడి తలుపు ఎప్పుడైనా తెరిచే ఉంటుంది, ఈ తలుపు మూస్తే మూసుకున్నట్టే. పాపకి అక్కడ ఇద్దరు స్నేహితురాళ్లున్నారు. మూడో తరగతి టీచరు చాలా మంచావిడ. ఉండనిద్దాం అనుకున్నాం.

స్కూళ్లు తెరిచిన వారంలో పక్క బడి మాస్టారు నోటు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చారు. బాబుకి ఒకటో తరగతిలో చెప్పినాయనే, బదిలీల్లో మళ్లీ ఇక్కడికే వచ్చారు. కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాను. "పాపని పంపమ్మా, మూడో తరగతికి ఇరవై మంది దాటారు" అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన బలవంతపెట్టలేదు. పుస్తకంలో పాప పేరు ఎదురుగా "ఆర్టీఈ, ప్రైవేటు" అని రాసుకున్నారు.

లేచి వెళ్తుంటే అడిగాను. "మాస్టారూ, ఈ తరగతులు మళ్లీ ఎత్తేయరు కదా?"

ఆయన చెప్పులు వేసుకుంటూ కాసేపు ఆగారు. "పిల్లలుంటే ఉంటాయమ్మా" అన్నారు. పక్కింటి తలుపు కొట్టడానికి వెళ్లారు.